త్యాగము - సంఖ్యాబలము

ఆంధ్రరాష్ట్రము కొరకు నిరాహారదీక్ష పూనిన పొట్టి శ్రీరాములు 58వ దినమున, 1952 డిసెంబరు 15న, మద్రాసులో అసువులు బాసినారు. అంతకు పూర్వము, 1946లో, నెల్లూరు మూలపేట వేణుగోపాలస్వామి ఆలయములో దళితుల ప్రవేశమునకై దీక్ష వహించిన త్యాగి ఆయన. ఆయన మరణించిన నాలుగు దినములకే ప్రధాని నెహ్రూ రాష్ట్రనిర్మాణమును ప్రకటింపక తప్పినది కాదు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా రాష్ట్రమవతరించినది. టంగుటూరి ప్రకాశము ముఖ్యమంత్రి అయినారు.

ఆ మరణము రాష్ట్రమునిచ్చినది గాని మంత్రివర్గమునకు మెజారిటీని ఇవ్వలేదు. 140 మంది సభ్యులుగల శాసనసభలో ఏ పక్షమునకును స్వంతబలము చాలదు. పరుల మద్దతుపై నిలిచిన ప్రభుత్వమునకు ప్రతి సమస్యయు ప్రాణసంకటమే. అయినను 1954లో గుంటూరున హైకోర్టు, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము వెలసినవి. తుదకు మద్యనిషేధము చిచ్చు రేపినది. ఒకవైపు గాంధేయాదర్శము, మరొకవైపు గీతపనివారి జీవనభృతి. ఆ నవంబరు 6న అవిశ్వాసతీర్మానము ఒక్క ఓటుతో నెగ్గినది.

పిదప రాష్ట్రపతిపాలన, ఎన్నికలు. 1955 మార్చి 28న నెల్లూరు సీమకు చెందిన బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రి అయినారు. 1999 ఏప్రిల్ 17న లోకసభలో వాజపేయి ప్రభుత్వము సైతము ఒక్క ఓటుతోనే పతనమైనది.

విద్యార్థులు గ్రహింపవలసినది ఇది: ఒకరి త్యాగము జాతిని ఏకము చేయగలదు; పాలనకు కావలసిన సమ్మతిని మాత్రము పాలకులు దినదినము సంపాదించుకొనవలసినదే. సమ్మతి కోల్పోయిననాడు గద్దె దిగి, ప్రజల తీర్పునకు తలయొగ్గుటయే ప్రజాస్వామ్యమర్యాద. నాటి మంత్రివర్గము పదమూడు నెలలకే కూలినది. అది నెలకొల్పిన విశ్వవిద్యాలయము నేటికిని విద్య గరపుచున్నది. నెల్లూరు జిల్లా 2008 నుండి శ్రీరాములు పేరనే వెలయుచున్నది.