మా పేరు మాకుంది

"ఏ సాయిబూ, ఇటు రా!"

ఆఫీసుల, షెడ్డుల, బస్టాండుల మాకు రోజూ ఇదే పిలుపు. ఆడ మేం నలుగురం ఉంటే నలుగురం తలెత్తాలె. అప్పుడు పెద్ద సాయిబు, చిన్న సాయిబు, గడ్డం సాయిబు అని నంబర్లేస్తరు. ఇదేందని అడిగితే "సరదాకన్నం, గంత కోపమెందుకు?" అని నవ్వుతరు.

సరదాకు మేం శత్రువులం కాం. తుంగభద్ర ఒడ్డున మా రాజోలి మగ్గాల ఊరు. ఇట్లాంటి ఊళ్ళల్ల మారుపేరు లేని మనిషి దొరకడు. పొట్టోడు, బక్కోడు, నల్లోడు. అవి మంచివని అనం. కానీ ఆ పేరు ఒక మనిషిని పదిమందిలోంచి వేరుచేసి చూపిస్తది. మాకు పెట్టే పేరు మనిషిని మాయం చేసి గుంపుల కలిపేస్తది. పక్క కుర్చీ ఆయనను "ఏ హిందూ" అని ఎవరన్న పిలుస్తరా?

మాటల తప్పు లేదు. సాహెబ్ అంటే మర్యాదే. ఆఫీసరును "సాబ్" అన్నప్పుడు ఆ మాట సలాం కొడ్తది. అటెండరును "సాయిబూ" అన్నప్పుడు అదే మాట చాయ్ తెమ్మంటది. తప్పంతా పిలిచే గొంతులున్నది.

దూది ఏకితేనే నూలు, నూలుంటేనే మగ్గం. ఆ దూది ఏకిన దూదేకులోళ్ళ ఇంకో పేరు 'పింజారీ' తెలుగుల తిట్టయి కూసున్నది. ఒంటికి బట్టనిచ్చిన పనికి దక్కిన బహుమానం ఇది! ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ల 2007ల 4 శాతం రిజర్వేషన్ ఇచ్చిన బి.సి.-ఇ జాబితా తీసి చూడండి. అత్తరు సాయిబులు, ఎలుగుబంటివాళ్ళు, తురకకాశ... హక్కు కోసం ఆ పేర్లు మేమే రాసుకుంటం. హక్కు కోసం మేం రాసుకునే పేరు ఎగతాళికి మీకిచ్చిన లైసెన్సు కాదు.

మేం కూడ తక్కువ తినలేదు. షేకులం, సయ్యదులం అని మీసం మెలేసే మేమే దూదేకుల భాయిని "పింజారీ" అని పక్కకు పెట్టినం. ఒకర్నొకరు ఎగతాళి పేర్లతో పిలవొద్దని ఖురాన్ 49వ సూరా 11వ ఆయత్ చెప్తది. మసీదుల విన్నం, బయటికొచ్చి మరిచినం. ముందు మా నోరు కడుక్కుంటం.

2009 అక్టోబరుల తుంగభద్ర పొంగి రాజోలిని ముంచినప్పుడు మగ్గం ఎవరిదని వరద అడగలేదు. కష్టం ఒక్కటైన కాడ పిలుపు రెండు తీర్లెందుకు? అన్నా, మామా, చిచ్చా అని వరస కలిపే అలవాటు మన ఊళ్ళకు ఉండనే ఉన్నది.

పనికాడ పద్ధతి పెద్ద కష్టమేం గాదు. మారుపేరు పిలిచేటోని సరదా కాదు, పలికేటోని ఇష్టం. వద్దంటే మానాలె. కిందోడు పైఅధికారిని పిలవలేని తీరుగ, పైఅధికారి కిందోణ్ణి పిలవొద్దు. మా పేరు పొడుగనిపిస్తే పొట్టి చేసుకునేది మేం, మీరు కాదు.

చెవుల అజాన్ చెప్పి అమ్మీ అబ్బా పెట్టిన పేర్లు మావి. ఖాజా అనండి, మస్తాన్ అనండి, పలుకుతం. "ఏ సాయిబూ" అంటే మాత్రం ఇగ నలుగురిల ఒక్కరం గూడ తలెత్తం.