ఎదుటివారి కన్ను

సముద్రతీరంలో వానరవీరులు దిగాలుపడి కూర్చున్న ఘట్టం రామాయణం తెలిసిన వారందరికీ పరిచితమే. ఎవరెన్ని యోజనాలు దూకగలరో ఒక్కొక్కరే చెబుతున్నారు. నూరు యోజనాల కడలిని దాటి తిరిగి రాగలనని నిశ్చయంగా పలికినవాడు లేడు. హనుమంతుడు మాత్రం ఒక పక్కన మౌనంగా ఉన్నాడు. జాంబవంతుడు అతని దగ్గరకు వెళ్లి, అతని పుట్టుకనూ పరాక్రమాన్నీ గుర్తుచేసిన తరువాతనే అతడు లేచి నిలిచాడు. బలం హనుమంతునిదే, దానిని చూసిన కన్ను మరొకరిది.

నలుగురు కలిసి పనిచేసే ప్రతిచోటా ఈ స్థితి ఉంటుంది. తన సంగతి తనకే బాగా తెలుసునని ప్రతి మనిషీ అనుకుంటాడు. పక్కన కూర్చొని పనిచేసే వారికి మాత్రం, అతనికే తెలియని అతని గుణాలూ దోషాలూ కొన్ని తెలుసు. జోసెఫ్ లఫ్ట్, హారింగ్టన్ ఇంగ్హామ్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు 1955లో ఈ విషయాన్ని నాలుగు గడుల కిటికీగా చిత్రించారు. జో, హారీ అన్న పొట్టి పేర్లు కలిసి అది 'జోహారీ కిటికీ' అయింది. తెలుగువారి చెవికి జోహారు స్ఫురిస్తుంది గాని, ఆ నమస్కారానికీ దీనికీ సంబంధం లేదు. తనకూ ఇతరులకూ తెలిసినది మొదటి గడి. ఇతరులకు తెలిసి తనకు తెలియనిది రెండవది. దీనినే అంధభాగం అంటారు. తనకు తెలిసి ఇతరులకు చెప్పనిది మూడవది. ఎవరికీ తెలియనిది నాలుగవది.

దీనితో చేయించే అభ్యాసం సులువైనదే. ఓర్పు, ధైర్యం, బిడియం, స్నేహశీలం వంటి స్వభావాలను తెలిపే మాటలు యాభైకి పైగా ఉన్న పట్టిక ఇస్తారు. తనకు తగినవని తోచిన ఐదారు మాటలను ప్రతివారూ ఎంచుకుంటారు. అదే వ్యక్తికి తగిన మాటలను సహచరులు విడిగా ఎంచుతారు. ఒక బృందనాయకుడు తన కోసం 'ఓర్పు' అన్న మాటను ఎంచుకున్నాడని, అతని సహచరులు ఎనిమిది మందిలో ఒక్కరూ దానిని ఎంచలేదని అనుకుందాం. ఆ కాగితం చెప్పినంత సూటిగా ఆ సంగతిని అతనికి ఎవరూ చెప్పలేరు. మూల కూర్చొని లెక్కలు సరిచూసే ఉద్యోగినికి ఆరుగురు 'ధైర్యం' అన్న మాట రాస్తే, అది ఆమె పాలిటి జాంబవంతుని పలుకు.

ఇటువంటి అభ్యాసాలకు దారి తీసిన సంఘటన ఒకటుంది. 1946 వేసవిలో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో కర్ట్ లెవిన్ ఒక శిక్షణ శిబిరాన్ని నిర్వహించాడు. పగలు జరిగిన చర్చలలో ఎవరెలా ప్రవర్తించారో పరిశీలకులు సాయంత్రం పూట తమలో తాము మాట్లాడుకునేవారు. శిబిరానికి వచ్చిన కొందరు తామూ కూర్చొని వింటామన్నారు. తన గురించి చెప్పినది విన్న ఒకామె, జరిగినది అది కాదని అభ్యంతరం చెప్పింది. లెవిన్ ఆమెను వారించలేదు, సంతోషించాడు. ఆ తరువాతి సాయంత్రాలలో వినవచ్చేవారి సంఖ్య పెరిగింది. చూసినవారూ చూడబడినవారూ ఒకేచోట కూర్చోవడంలోనే సగం చదువు ఉందని ఆ శిబిరం తెలిపింది.

అయితే కాగితాలు పంచినంత మాత్రాన మనసులు విప్పుకోవు. తెలుగునాట దీనికి మొదటి అడ్డంకి మొహమాటం. పెద్దవాని ముందు ప్రియం పలకడం మర్యాద, హితం పలకడం సాహసం. ధృతరాష్ట్రుని కొలువులో హితం చెప్పేవాడు లేకపోలేదు. విదురుడు చెబుతూనే ఉన్నాడు. నచ్చని మాట అన్నందుకు రాజు అతనిని ఒకసారి పొమ్మని, మళ్లీ పిలిపించుకున్నాడు కూడా. ఆ సభలో తక్కినవారు నేర్చుకున్న పాఠమేమిటో ఊహించడం కష్టం కాదు.

నేటి ఆసుపత్రులలోనూ ఇదే కనిపించింది. చక్కగా కలిసి పనిచేసే బృందాలు మందులు ఇవ్వడంలో తక్కువ పొరపాట్లు చేస్తాయని ఏమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు భావించింది. లెక్కలు చూస్తే మంచి బృందాలలోనే ఎక్కువ పొరపాట్లు నమోదయ్యాయి. వారు ఎక్కువ తప్పులు చేసి కాదు, చేసిన తప్పును దాచకుండా చెప్పుకోగలిగినందువల్ల అలా జరిగి ఉంటుందని ఆమె 1996లో ప్రకటించిన వ్యాసంలో వివరించింది. భయం ఉన్నచోట లెక్క శుభ్రంగా ఉంటుంది. రోగికి మాత్రం క్షేమం ఉండదు.

పరుల అభిప్రాయం ఎప్పుడూ మేలే చేస్తుందన్న నమ్మకం కూడా సరి కాదు. క్లూగర్, డెనిసీ అనే పరిశోధకులు అదే 1996లో ఎన్నో అధ్యయనాలను కలిపి చూశారు. సగటున మేలు జరిగినా, మూడింట ఒక వంతుకు పైగా సందర్భాలలో ఫీడ్‌బ్యాక్ తరువాత పనితనం తగ్గింది. దృష్టి పని మీద నుంచి మనిషి మీదకు మళ్లినప్పుడు ఫలితం తగ్గుతుందని వారి వాదం. 'నీవు నిర్లక్ష్యపరుడవు' అంటే ఎదుటివాడు తనను తాను కాపాడుకునే పనిలో పడతాడు. 'గత మూడు సమావేశాలకూ ఆలస్యంగా వచ్చావు, నీ కోసం లెక్కలు రెండుసార్లు చెప్పవలసి వచ్చింది' అంటే దిద్దుకోవడానికి చేతికి ఒక పని దొరుకుతుంది.

ఈ అభ్యాసంలో వచ్చిన మాటలను జీతం పెంపుతోనో పదోన్నతితోనో ముడిపెట్టే సంస్థలు దానిని చేయించకపోవడమే మేలు. అక్కడ ఉద్యోగులు పట్టికలోని తీయని మాటలన్నీ ఒకరికొకరు పంచుకొని ఇంటికి వెళతారు. ముందుగా తన కాగితాన్ని అందరి ఎదుట తెరవవలసినవాడు పెద్ద కుర్చీలో ఉన్నవాడే. తన పట్టికలో ఓర్పు ఎందుకు లేదని అతడు కోపం లేకుండా అడిగి, చెప్పినది మధ్యలో అడ్డుపడకుండా వినగలిగితే, మరునాడు బల్ల చివర కూర్చున్న కొత్త ఉద్యోగికి కూడా తన లెక్కలో దొర్లిన తప్పు చెప్పడానికి గొంతు పెగులుతుంది.