ఓట్సు: నూకయా, రవ్వయా, అటుకులా?

మా పాఠశాల గ్రంథాలయములోని ఒక ఆంగ్ల పాకశాస్త్ర గ్రంథమును చూచి, తొమ్మిదవ తరగతి విద్యార్థులు కొందరు ఇంగ్లండులోని యార్కుషైరు ప్రాంతమువారు చేసికొను 'పార్కిన్' అను తీపిరొట్టెను చేయ సంకల్పించిరి. శొంఠిపొడి, ట్రీకిల్ అను నల్లని చెరకుపాకము, గోధుమపిండి, వెన్న, పాలు, 'ఓట్‌మీల్' - ఇవి అందులకు వలసిన వస్తువులు. ట్రీకిలునకు బదులు బెల్లపు పాకము పోసి, పరిచయస్థులైన ఒక బేకరీవారి ఓవెనులో దానిని కాల్చిరి. మొదటిసారి అంగడిలో 'ఓట్సు' అని అడుగగా లభించినది రెండు నిమిషములలో ఉడుకునట్టి పొట్లము. దానితో చేసిన రొట్టె నడుమ అంబలివలె జిగటయై కత్తికి అంటుకొనినది. రెండవసారి మరియొక అంగడివారు 'ఇదియే అసలైన ఓట్‌మీల్' అని చెప్పి గట్టి నూక నిచ్చిరి. రొట్టె చక్కగా కాలినది గాని, నోట వేసికొన్నవారి పండ్లకు ఇసుక పలుకులవలె తగిలినది. పిల్లలు చిన్నబుచ్చుకొని, 'మాకు ఇంగ్లీషు సరిగా రాదు, అందుచేతనే చెడినది' అనిరి.

ఈ మాట మాకు బాధ కలిగించినది. లోపము వారి ఇంగ్లీషులో లేదు. ధాన్యము పేరు చెప్పి దాని రూపము చెప్పకుండుటలో ఉన్నది. ఆ రూపమును చెప్పుటకు వలసిన మాటలన్నియు ఆ పిల్లల ఇండ్లలోనే, వారి తల్లుల నోటనే కలవు. ఈ సంగతినే కొంత వివరముగా చెప్పదలచితిమి.

ముందుగా పేరు. 'ఓట్లు' అని వ్రాసినచో అది ఎన్నికల వ్యవహారమగును. కొందరు 'యవలు' అందురు. అది బార్లీకి చెల్లు పేరు, వేరొక ధాన్యము. కావున 'ఓట్సు' అనియే వ్రాయుచున్నాము. చల్లని, తేమగల స్కాట్లండువంటి దేశములలో గోధుమ సరిగా పండని చోట్ల కూడ ఇది పండును. అందుచేత అచ్చటివారికి ఇది చాలకాలము నిత్యాహారముగా నుండెను.

ఈ ధాన్యమునకు ఒక గుణము కలదు. బియ్యము, గోధుమలకంటె దీనిలో కొవ్వు ఎక్కువ, నూటికి సుమారు 7 పాళ్లు. గింజలోనే ఆ కొవ్వును విరిచి చేదెక్కించు ఎంజైము కూడ నున్నది. గింజను దంచిననో, విసరిననో అది పనిచేయ నారంభించును. కావుననే మిల్లులో పొట్టు తీసిన గింజకు ఆవిరినో పొడివేడినో తగిలించి, ఆ ఎంజైమును అణచివేయుదురు. ఈ దశలో నున్న పూర్ణమైన గింజను మనము 'ఓట్సు బియ్యము' అనవచ్చును. ఇంతవరకు అన్నిటికి దారి ఒక్కటే. ఇక్కడినుండి దారులు చీలును.

ఆ గింజను ఉక్కు కత్తులతో రెండు మూడు ముక్కలుగా నరికినచో అది నూక. స్కాట్లండువారు దీనిని గుండుసూది తలతో పోల్చి పేరు పెట్టిరి. తిరుగటి రాళ్ల నడుమ విసరినచో వచ్చునది రవ్వ. అందు ముతక, మధ్యరకము, సన్నము అని భేదములు. మరింత మెత్తగా విసరినది పిండి. ఇక గింజను ఆవిరిపై మెత్తబరచి ఇనుప రోలర్ల నడుమ అదిమినచో అవి అటుకులు. మన అటుకులకు ధాన్యమును నానబెట్టి, వేయించి, దంచుదురు. అచ్చట ఆవిరి పట్టి అదుముదురు. పద్ధతి వేరైనను ఫలము ఒక్కటియే: గింజ పలుచనై, సగము ఉడికినదై, నీరు తగులగానే మెత్తబడును. నూకను చేసి, ఆ నూకను మరింత పలుచగా అదిమినచో త్వరగా ఉడుకు సన్నని అటుకులు వచ్చును. ముందే ఉడికించి ఆరబెట్టినది మొదటిసారి మన పిల్లలకు దొరికిన రెండు నిమిషముల రకము. దానిలో ఒక్కొక్కప్పుడు ఉప్పు, చక్కెర, మసాలా కూడ కలిపియుందురు. పార్కినులో మసాలా ఓట్సు పడినచో ఏమగునో ఊహించుట కష్టము కాదు.

రూపము మారినంత మాత్రమున ఇంత భేద మేల? ఓట్సులో నీటిని పీల్చి బంకగా మారు ఒక పీచుపదార్థ మున్నది, బీటాగ్లూకాన్ అందురు. గింజ ఎంత సన్ననైనచో, ఎంత ముందుగా ఉడికినదైనచో, అంత త్వరగా ఆ బంక బయటికి వచ్చును. గంజి కాచుకొనువానికి అది మేలు. రొట్టె కాల్చుకొనువానికి అది చేటు. పైగా గోధుమపిండికి సాగుడు నిచ్చు గ్లూటెన్ వంటి శక్తి ఓట్సునకు లేదు. కావున పొంగవలసిన రొట్టెలో సగమైనను గోధుమపిండి ఉండవలెను. స్కాట్లండువారి పలుచని ఓట్సు రొట్టెలో గోధుమ వేయని పద్ధతియు కలదు. అందు మధ్యరకపు రవ్వను ఉప్పు, కొవ్వు, వేడినీటితో కలిపి పెనముపై కాల్చుదురు. అది సాగదు, పెళుసుగా విరుగును. జొన్నరొట్టెకు మన ఇండ్లలో వేడినీరు పోయుట చూచినవారికి ఈ కిటుకు కొత్త కాదు.

ఇప్పుడు గ్రంథముల చిక్కు. బ్రిటనులో 'ఓట్‌మీల్' అనగా సాధారణముగా విసరినది, అనగా రవ్వ. అమెరికాలో ఆ మాటకే గంజి అనియు, గంజి కాచు అటుకులు అనియు అర్థము. అమెరికా పుస్తకములోని ఓట్‌మీల్ బిస్కత్తునకు అటుకులు వలయును. యార్కుషైరు పార్కినునకు రవ్వ వలయును. మాట ఒక్కటి, సముద్రమునకు ఈ వైపున ఒకటి, ఆ వైపున మరియొకటి. ఆంగ్లము మాతృభాషగా గలవారే దీనిలో పొరపడుదురన్నచో మన తొమ్మిదవ తరగతి పిల్లలు సిగ్గుపడనేల?

మన హోసూరు సంతలో ఈ పొరపాటు జరుగదు. తెలుగువారు నూక అన్నచో తమిళుల నొయ్, కన్నడిగుల నుచ్చు. మన పిండి వారి మావు, వీరి హిట్టు. మన అటుకులు అక్కడ అవల్, ఇక్కడ అవలక్కి. రవ్వ యన్నచో మువ్వురకును అర్థమగును. మూడు భాషలలోను రూపమునకు రూపముగా వేర్వేరు మాటలుండగా, పొట్లముపై 'ఓట్సు' అను ఒక్క మాటతో సరిపెట్టుకొనుట ఎందులకు? తెలుగు పత్రికలలోని వంటల శీర్షికలవారు సైతము 'ఓట్సు ఒక కప్పు' అని వ్రాసి ఊరకుందురు. ఇది మాకు నచ్చదు. అటుకులు ఒక కప్పు సుమారు 90 గ్రాములు తూగగా, నూక అదే కప్పునకు దాదాపు రెట్టింపు తూగును. 'బియ్యము ఒక కప్పు' అని వ్రాయవలసిన చోట 'వరి ఒక కప్పు' అని ఎవరును వ్రాయరు గదా! రూపమును పేర్కొనవలెను, తూకమును పేర్కొనవలెను. అది లేని వంటను అచ్చువేయరాదని మా మతము.

పరదేశపు ధాన్యముపై ఇంత చర్చ యేల, మనకు రాగులు లేవా అని ఒక పెద్దవారు మమ్ము అడిగిరి. రాగులను మేము తక్కువ చేయుట లేదు; ఓట్సు ధర చూచిన పిమ్మట ఎవరును చేయజాలరు. కాని ఒక పని చేయ బూనినప్పుడు దానికి తగిన వస్తువును గుర్తెరుగుట ఏ ధాన్యమునకైనను వలసినదే.

చిన్న ఊళ్లలో రవ్వరూపమున ఓట్సు దొరకుట అరుదు. దొరకనిచో పలుచని రకము గాక మందపాటి అటుకులను కొని, మిక్సీలో ఆపి ఆపి రెండు మూడు మారులు త్రిప్పి, రవ్వ జల్లెడ పట్టవలెను. క్రిందికి దిగిన మెత్తని పిండిని వేరుగా తీసి మరియొక పనికి వాడవలెను. ఎడతెగక త్రిప్పినచో అంతయు పిండియై మొదటి కథయే పునరావృతమగును. అటుకులు ముందే ఆవిరి పట్టినవి కావున ఈ రవ్వ, రాతి తిరుగటి రవ్వకంటె త్వరగా నీరు పీల్చును. పాలు ఒక్కసారిగా పోయక, కలుపుకొనుచు చూచి పోయవలెను. నూక మాత్రమే చేతనున్నచో రాత్రి నానబెట్టిన గాని రొట్టెలో వేయరాదు.

మూడవసారి పిల్లలు ఇట్లే చేసిరి. ఓట్సు రవ్వ, గోధుమపిండి, బెల్లపు పాకము ఒక్కొక్కటి 200 గ్రాములు. వెన్న 100 గ్రాములు. పాలు 150 మిల్లీలీటర్లు. శొంఠిపొడి రెండు చెంచాలు, వంటసోడా ఒక చెంచా. ఓవెనులో 160 డిగ్రీల వేడిమిపై గంటసేపు ఉంచిరి. పార్కినును కాల్చిన నాడే తినరు. మూత గట్టిగా బిగించి కొన్నినాళ్లుంచినచో గట్టిదనము పోయి మెత్తబడును. ఇంగ్లండువారు నవంబరు 5వ తేదీ బాణసంచా రాత్రికై ముందుగానే చేసి దాచుకొందురు. మన పిల్లలు నాలుగు దినములు ఓపికపట్టిరి. అయిదవ దినమున డబ్బాలో పొడి కూడ మిగులలేదు. డబ్బాపై 'ఓట్సు రవ్వ, అటుకులనుండి తీసినది' అని తెలుగున వ్రాసిన చీటి మాత్రము ఇంకను ఉన్నది. రెండవసారి కొన్న నూకలో మిగిలినదానిని నానబెట్టి, వారి తల్లులు ఉప్మా చేసి పంపిరి.