పాత జీపుకు ధర కట్టేదెవరు?

నర్సీపట్నం ప్రాంతంలో జీపు ఎరుగని ఇల్లు అరుదు. చింతపల్లి, లంబసింగి, గూడెం కొత్తవీధి, సీలేరు దారుల్లో బస్సు అందని వేళల్లో మనుషులను, మూటలను, రోగులను ఘాట్ ఎక్కించి దింపింది జీపే. ఆ దారుల్లో అరిగిపోయిన పాత జీపులు ఇప్పుడు పశువుల శాలల పక్కన, చింతచెట్ల కింద ఎండకు ఎండుతూ, వానకు తడుస్తూ పడి ఉంటున్నాయి. ఇంట్లో పెళ్ళో, ఆసుపత్రి ఖర్చో వచ్చినప్పుడే వాటిని అమ్మాలన్న ఆలోచన వస్తుంది. అప్పటికి కొనేవాడు చెప్పిందే ధర అవుతోంది.

సంతలో ఎద్దును అమ్మే రైతు ఇలా చేయడు. దాని వయసు, నడక, పని అన్నీ అతనికి తెలుసు. దళారి తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని బేరమాడినా, ఎక్కడ ఆగాలో ముందే నిర్ణయించుకుని సంతకు వస్తాడు. అదే రైతు ఇరవై ముప్పయ్యేళ్ళు తోలిన జీపు దగ్గరకు వచ్చేసరికి మాత్రం ‘ఎంతిస్తావ్?’ అని ఎదుటివాడినే అడుగుతాడు. నష్టానికి మొదటి మెట్టు ఇదే.

మూడు ధరలు

పాత జీపుకు ఒక ధర కాదు, మూడు ధరలు ఉంటాయి. మొదటిది ఇనుము ధర. అంటే తూకం వేసి పాత ఇనుము కింద ఇచ్చేది. రెండోది పని ధర. రోడ్డు మీద తిరిగి సంపాదించి పెట్టే బండిగా దానికి వచ్చేది. మూడోది ముచ్చట ధర. పాత వాహనాలను సరదాగా సేకరించి, మురిపెంగా దాచుకునేవారు ఇచ్చేది. బండి ఒక్కటే అయినా ఈ మూడింటి మధ్య తేడా ఎంతో ఉంటుంది. అమ్మేవాడికి మొదటి ధరే తెలిసి, కొనేవాడికి మూడూ తెలిసినప్పుడు ఆ తేడా ఎవరి జేబులోకి పోతుందో చెప్పనక్కర లేదు.

ముచ్చట ధర పట్నవాసుల పిచ్చి అని కొట్టిపారేయడానికి వీల్లేదు. 1955లో మెర్సిడెస్ బెంజ్ కంపెనీ తయారు చేసిన ఒక పందెపు రకం కారు 2022 మే నెలలో జర్మనీలో వేలానికి వస్తే 13.5 కోట్ల యూరోలు పలికింది. మన లెక్కలో వెయ్యి కోట్ల రూపాయలకు పైమాటే. ఆ రకం కార్లు లోకంలో రెండే ఉన్నాయి. ఆ వేలం వరకు రెండూ ఆ కంపెనీ దగ్గరే పదిలంగా, పుట్టుక నుంచి చరిత్రతో సహా ఉండేవి. ధర అంత పలకడానికి కారణం అదే. ఆ కారుకూ మన జీపుకూ పోలిక లేదు గాని, ధర కట్టే సూత్రం మాత్రం ఒక్కటే. ఎన్ని మిగిలాయి, ఎంత అసలుగా ఉన్నాయి, చరిత్రకు రుజువేమిటి అన్న మూడు ప్రశ్నలే అక్కడా, ఇక్కడా.

మన దేశంలోనే చూస్తే, 1983లో ఎస్కార్ట్స్ కంపెనీ తెచ్చిన రాజ్‌దూత్ 350 మోటారు సైకిలును పెట్రోలు తాగేస్తుందని అప్పట్లో చాలామంది వద్దన్నారు. ఇప్పుడు దానికోసమే వెతికేవారున్నారు. మైసూరులో 1996 వరకు తయారైన యెజ్డీకి, 1985 నుంచి 1996 వరకు వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100కి కూడా ఇదే గౌరవం దక్కింది. ఒకప్పుడు ఎవరికీ అక్కరలేని బండి, కొన్ని మాత్రమే మిగిలాక పదిమందికి కావలసి వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు చేసిన జీపులు ఆరు లక్షలకు పైగానే. అయినా అసలు రూపంలో మిగిలినవి తక్కువ కాబట్టే వాటికి విలువ. ఆ తరువాత మహీంద్రా కంపెనీ మన దేశంలో తయారు చేసిన పాత పెట్రోలు జీపులకూ ఇదే వర్తిస్తుంది.

రంగు కాదు, నంబరు

అమ్మే ముందు బండికి రంగు కొట్టించి, కొత్త సీట్లు వేయించి, మెరిసే బంపరు బిగిస్తే ధర పెరుగుతుందని చాలామంది నమ్మకం. బెల్లం రైతుకు ఈ సంగతి వేరే చెప్పాలా? హైడ్రోస్ కలిపిన బెల్లం పచ్చగా మెరుస్తుంది. కానీ తెలిసినవాడు రంగు చూసి మోసపోడు. పాత జీపు కొనడానికి వచ్చిన తెలివైనవాడు కూడా కొత్త రంగును చూసి అనుమానిస్తాడు. తుప్పును రంగు కింద దాచారేమోనని గోరుతో గీకి చూస్తాడు.

అతను మొదట చూసేది ఛాసిస్ మీద కొట్టిన నంబరు. పెన్సిలుతో అచ్చు తీసి, ఆర్‌సీ పుస్తకంలోని నంబరుతో పోల్చుకుంటాడు. తరువాత ఇంజను నంబరు చూస్తాడు. ఆ రెండూ పుస్తకంతో కలిస్తేనే మిగతా మాట. ఎద్దుకు పళ్ళు ఎలాగో జీపుకు ఈ నంబర్లు అలాగ.

ఇక్కడే చాలామంది యజమానులకు ఇబ్బంది వస్తోంది. పెట్రోలు ఖర్చు భరించలేక పూర్వం ఎన్నో జీపులకు అసలు ఇంజను తీసి డీజిల్ ఇంజను ఎక్కించారు. బతుకుతెరువు కోసం చేసిన పని అది, తప్పు పట్టడానికి లేదు. కానీ ఆ మార్పు ఆర్‌సీలో ఎక్కించుకోకపోతే కాగితాల్లో బండి ఒకటి, కళ్ళ ముందు బండి మరొకటి అవుతుంది. కంపెనీ ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చడం మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం కుదరదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ మాటను మరోసారి గట్టిగా చెప్పింది. మార్పు నమోదై ఉంటే డీజిల్ జీపుకు పని ధర బాగానే వస్తుంది. ముచ్చట ధర కావాలంటే మాత్రం అసలు పెట్రోలు ఇంజనే అడుగుతారు. అందుకే తీసేసిన పాత ఇంజను, పాత స్టీరింగు, పాత మీటర్లు షెడ్డు మూలన పడి ఉంటే వాటిని తూకానికి వేయకూడదు. బండితో పాటు చూపించాలి. కొన్నిసార్లు బండి కంటే వాటికోసమే మనిషి వస్తాడు.

లెక్క ఎలా వేయాలి?

పని ధర లెక్క కష్టమైనది కాదు. తన జీపు లాంటిదే, నడుస్తున్నది, కాగితాలున్నది ఈ మధ్య ఎంతకు అమ్ముడైందో ఇద్దరు ముగ్గురు మెకానిక్కులను, డ్రైవర్లను విడివిడిగా అడగాలి. ఎంత చెప్పారు అని కాదు, ఎంతకు తెగింది అని అడగాలి. చెప్పే ధరకూ తెగే ధరకూ చాలా దూరం. ఫోనులో కనిపించే ప్రకటనల ధరలన్నీ చెప్పే ధరలే. వాటిని చూసి ఆశపడినవాడి బండి చెట్టుకిందే ఉండిపోతుంది.

ఉదాహరణకు, అలాంటి జీపు రెండు లక్షలకు తెగిందని అనుకుందాం. అమ్మదలచిన జీపుకు టైర్లు, బ్యాటరీ, బ్రేకులు, గేరుబాక్సు పనికి 60 వేలు అవుతుందని మెకానిక్ చెప్పాడనుకుందాం. రిజిస్ట్రేషన్ రెన్యువల్, ఇన్సూరెన్స్, బకాయిలకు మరో 20 వేలు. ఈ 80 వేలు తీసేస్తే మిగిలేది లక్షా 20 వేలు. కొనేవాడి శ్రమకు, అనుమానానికి పదివేలు వదులుకున్నా లక్షా 10 వేలకు దిగువన బేరం తెగకూడదు. అదే జీపును వెయ్యి కిలోల ఇనుముగా, కిలో 30 రూపాయల చొప్పున ఇచ్చేస్తే వచ్చేది 30 వేలే. ఈ అంకెలు ఊహించినవే కావచ్చు, లెక్క మాత్రం ఇదే.

ఆ 60 వేల రిపేరు తానే చేయించి అమ్మితే ధర కూడా అంతే పెరుగుతుందని అనుకోరాదు. బ్రేకులకు, టైర్లకు పెట్టిన డబ్బు చాలావరకు తిరిగి వస్తుంది. అలంకారాలకు పెట్టింది రాదు. ముచ్చటపడి కొనేవాడైతే తన ఇష్టప్రకారం బాగు చేయించుకోవడానికే చూస్తాడు. అతనికి తుడిచి, కడిగి, ఉన్నది ఉన్నట్టు చూపించడమే మేలు.

యాభై ఏళ్ళు దాటిన బండి సంగతి వేరు. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్ళు నిండి, అసలు రూపంలో ఉన్న కార్లు, మోటారు సైకిళ్ళకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఇచ్చేలా కేంద్రం 2021 జులైలో నిబంధనలు తెచ్చింది. కొత్తగా చేయించుకుంటే 20 వేల రుసుముతో పదేళ్ళకు ఇస్తారు. అయితే ఆ రిజిస్ట్రేషన్ ఉన్న బండిని రోజూ రోడ్డు మీద తిప్పకూడదు, కిరాయికి అసలే నడపకూడదు. కొండదారిలో జీపు మీదే బతికేవాడు దీని జోలికి పోకపోవడమే మంచిది. మూలన పడి ఉన్న బండికి మాత్రం ఇది ఆధారమే.

మరో జాగ్రత్త కొనేవారికి. 15 ఏళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాలకు 2023 ఏప్రిల్ 1 నుంచి రిజిస్ట్రేషన్ చెల్లదు. వాటిని అనుమతి ఉన్న తుక్కు కేంద్రాలకే పంపాలి. ఆఫీసు జీపు చౌకగా వచ్చిందని ఎవరైనా తెచ్చి చూపిస్తే ఆశపడరాదు. దాని ధర ఎంత తక్కువైనా ఎక్కువే.

సంతకం పెట్టి వదిలేస్తే

అన్నిటికంటే పెద్ద ప్రమాదం ధర దగ్గర లేదు, బేరం తెగాక ఉంది. ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి, డబ్బు ఎంచుకుని, బండి అప్పగించేయడం పల్లెల్లో మామూలైపోయింది. పేరు మార్చుకునే పని కొన్నవాడిదేనని నమ్మకం. ఆ జీపు తరువాత మరో ఇద్దరి చేతులు మారుతుంది. పేరు మాత్రం మొదటి యజమానిదే ఉండిపోతుంది. ఘాట్ రోడ్డులో ప్రమాదం జరిగితే, ఇన్సూరెన్స్ లేకపోతే, నోటీసు వచ్చేది ఎవరికి?

దీనికి సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలోనే జవాబు చెప్పింది. ఒక కారు వరసగా పలువురికి అమ్ముడైనా రికార్డుల్లో పేరు మారలేదు. దానివల్ల జరిగిన ప్రమాదానికి పరిహారం ఇవ్వాల్సింది రిజిస్టరులో పేరున్న యజమానేనని కోర్టు తేల్చింది. లక్ష రూపాయలకు అమ్మిన జీపు ఎకరం పొలాన్ని పట్టుకుపోయే అవకాశం ఉందన్న మాట. కిరాయికి తిరుగుతూ సొంత వాడకపు ఇన్సూరెన్స్ ఉన్న బండి అయితే చిక్కు మరీ ఎక్కువ.

కాబట్టి 29, 30 నంబరు ఫారాలు పూర్తిగా నింపి, తేదీ వేసి, కొన్నవాడి ఆధార్ నకలు దగ్గర పెట్టుకోవాలి. అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లోగా అమ్మినవాడు రవాణా శాఖకు తెలియజేయాలి. కొన్నవాడు 30 రోజుల్లోగా తెలపాలి. సొమ్ములో కొంత భాగాన్ని పేరు మారాకే తీసుకునేలా ఒప్పుకుంటే కొన్నవాడు వెంటపడి మార్పించుకుంటాడు. ఫైనాన్సు తీరినా ఆర్‌సీలో ఆ పేరు కొట్టివేయించని బండ్లు ఎన్నో ఉన్నాయి. ఆ చిన్న పని బేరానికి ముందే ముగించుకుంటే ధరలో మాట పడదు.

అధికారులు చేయవలసింది

తప్పంతా పల్లెవాసులదే అనడం న్యాయం కాదు. 1989కి ముందు మూడక్షరాల నంబరుతో ఇచ్చిన ఆర్‌సీ పుస్తకాలు చాలా ఇళ్ళలో ట్రంకు పెట్టెల్లో చిరిగిపోతున్నాయి. వాటి వివరాలు కంప్యూటరులోకి ఎక్కకపోతే పేరు మార్పు ముందుకు కదలదు. జిల్లాలు కూడా మారాయి. 2022 ఏప్రిల్ 4న నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలోకి, చింతపల్లి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్ళాయి. విశాఖపట్నం పేరుతో ఉన్న పాత కాగితం పట్టుకుని ఎక్కడికి వెళ్ళాలో తెలియని రైతు దళారి చేతిలో పెట్టడం తప్ప ఏం చేస్తాడు?

రవాణా శాఖ వారు సంవత్సరంలో ఒకటి రెండు రోజులు నర్సీపట్నంలోనూ, చింతపల్లిలోనూ పాత వాహనాల కాగితాల శిబిరం పెడితే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. నంబర్లు అక్కడే సరిచూసి, పాత పుస్తకాలు కంప్యూటరుకు ఎక్కించి, పేరు మార్పు దరఖాస్తులు తీసుకోవచ్చు. ప్రభుత్వానికి రుసుము వస్తుంది. రోడ్డు మీద తిరిగే బండి ఎవరిదో పోలీసులకూ తెలుస్తుంది.

అంతవరకు యజమానులు చేయగల పని ఒకటుంది. పెట్టెలోంచి ఆర్‌సీ తీసి ఛాసిస్ నంబరు సరిచూసుకోవడం. దానికి కానీ ఖర్చు లేదు. ఆ నంబరు కలిసిన నాటి నుంచి చెట్టు కింది జీపు ఇనుము కాదు, ఆస్తి. దాని ధర చెప్పవలసింది దాని యజమానే.