ఈస్ట్ ఫేసింగ్, వెస్ట్ ఎండ

మన కథల్లో మండువా ఇల్లు కనబడితే చాలు, కళ్ళు చెమరుస్తాయి. ఆ ఇల్లు చేసిన పని మాత్రం ఎవరికీ పట్టదు: వేడిగాలి నడిమి ఖాళీలోంచి పైకి పోయేది, చుట్టూ వసారా గోడలమీద ఎండ పడనిచ్చేది కాదు.

ఇప్పుడు హైదరాబాద్‌లో ‘ఈస్ట్ ఫేసింగేనా?’ అని అడిగి మరీ ఫ్లాటుకి ఎక్కువ కడతారు. తూర్పు చూసేది గుమ్మం. అది తెరుచుకునేది ట్యూబ్‌లైట్ వెలిగే కారిడార్‌లోకి. కిటికీలు చాలాసార్లు పడమటికి పోతాయి. మే నెల సాయంత్రం ఏటవాలుగా లోపలికొచ్చే ఎండని మామూలు సన్‌షేడ్ ఆపలేదు.

నేను పనిచేసే ఆఫీసు నిలువెల్లా అద్దమే. లోపల బ్లైండ్స్ దించేసి, పగలే లైట్లు. 2023లో తెలంగాణ కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది, మంచిదే. కానీ ఇరవై అంతస్తుల టవర్‌లో కప్పెంత, గోడెంత?

పాత పద్ధతులు పెద్ద బిల్డింగులకి పనికిరావంటారా? 1970ల్లో లారీ బేకర్ తిరువనంతపురంలో సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ క్యాంపస్‌నే ఇటుక జాలీ గోడలతో కట్టాడు.

ఏసీ ఉందిగా అంటారు. ఏసీ మన గదిలో వేడిని తీసి బయటికి తోస్తుంది. ఆ బయటే సెక్యూరిటీ గార్డు కుర్చీ ఉంది. పక్క స్థలంలో రేకుల షెడ్లలో కూలీల పిల్లలున్నారు. మన చల్లదనానికి వాళ్ళూ బిల్లు కడుతున్నారు.

వాస్తు అడగండి, తప్పులేదు. పడమటి గోడకి నీడేదీ అని కూడా ఆ బిల్డర్నే అడగండి.