మాసిపోవు మ్రోత

1969లో ఫిలిప్స్ పరిశోధనాలయమున సాంగ్‌స్టర్, టీర్ అనువారు, నిప్పంటుకొన్న యింటికడ జనులు నీటికడవలు చేతులు మార్చినట్లు, విద్యుత్సంకేతమును కెపాసిటరునుండి కెపాసిటరునకు అందించు సాధనమును కనిపెట్టిరి. తరువాత అనలాగు ప్రతిధ్వనిపెట్టెలకు అదియే ప్రాణమయ్యెను. కడవ తొణికినట్లే ప్రతి ఆవృత్తియందును నాదపు తళుకు కొంత తఱుగును. డిజిటలు యంత్రమో, ధ్వనిని అంకెలుగా దాచును. నూఱవసారియు మొదటిసారివలెనే పలుకును.

వరుసపై వరుస పేర్చి లూపు కట్టు వాద్యకారునకు డిజిటలే శరణ్యము; అందు సందేహము లేదు. ప్రతిధ్వనికి మాత్రము అనలాగే మేలని నా మతము. మాసిపోవు మ్రోత క్రొత్త స్వరమునకు చోటిచ్చును. మాయనిది దానితో పోటీపడును. నేడు పెక్కు డిజిటలు యంత్రములు సైతము ఆ మాసిపోవుటనే గణితముతో అనుకరించుచున్నవి. లోపమనుకొన్నదే గుణమయ్యెను. గురువు గొంతు కొంత తగ్గిననే గదా శిష్యుని గొంతు వినబడును!