వాపు తగ్గిందని మందు మానితే ముప్పే!

వికారాబాద్, తాండూరు: గుండె వైఫల్యమంటే గుండె ఆగిపోవడం కాదు, సరిపడా రక్తాన్ని పంపు చేయలేకపోవడం. ఆయాసం, కాళ్ల వాపు దాని లక్షణాలు. ఫ్యూరోసెమైడ్‌తో ఒంట్లో చేరిన నీరు పోయి వాపు తగ్గుతుంది. జబ్బు నయమైందనుకొని మిగతా మందులూ మానేస్తే ప్రాణాల మీదకొస్తుంది.

బలహీనపడిన గుండెకు ఆయుష్షు పెంచేవి ఆ మిగతా మందులే. ఎనలాప్రిల్ సత్తా 1987లో, స్పైరనోలాక్టోన్‌ది 1999లో, మధుమేహ ఔషధంగా వచ్చిన డాపాగ్లిఫ్లోజిన్‌ది 2019లో పరిశోధనల్లో రుజువైంది. బీటా బ్లాకర్లూ ఈ కోవలోవే. పేటెంటు గడువు ముగిశాక డాపాగ్లిఫ్లోజిన్ ధర బాగా దిగివచ్చింది.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరినవారికి అండ. ఏళ్ల తరబడి వేసుకోవాల్సిన మాత్రల భారం ఎక్కువగా కుటుంబాలదే. తాండూరు నాపరాళ్ల గనుల్లో, కంది చేలల్లో పనిచేసే కూలీలు హైదరాబాద్‌కు రైలెక్కితే ఆ రోజు కూలి పోయినట్లే.

2016లో వికారాబాద్ జిల్లా ఏర్పడి పాలన చేరువైంది. వైద్యమూ చేరువ కావాలి. రక్తపోటు మాత్రలిచ్చే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనే ఈ మందులనూ నెలనెలా ఇచ్చి, పొటాషియం, మూత్రపిండాల పరీక్షలు చేయిస్తే ఎన్నో ప్రాణాలు నిలుస్తాయి. అధికారులు ఆ దిశగా దృష్టి సారించాల్సి ఉంది.